గుద్దు మానును, మాట మానదు

మొన్నటి వేసవిలో ఒక ఆదివారము, సాయంకాల ఆరాధన ముగిసిన తరువాత, మా సంఘపు యౌవనస్థులు నలుగురు గుడి అరుగుమీద ఒక్క సెల్‌ఫోను చుట్టు తలలు చేర్చి కూర్చుండిరి. వారేమి చూచుచున్నారో తెలిసికొనవలెనని నేనును వెనుకనుండి వంగి చూచితిని. కండలు తిరిగిన ఇద్దరు మనుష్యులు ఒక వేదికమీద నుండిరి. ఒకడు వ్రేలు చూపి అరచుచుండెను. రెండవవాడు ఎక్కువ మాటలాడక వినుచుండెను. "కొట్లాట ఎప్పుడురా?" అని అడిగితిని. అందులో ఒక పిల్లవాడు నవ్వి, "ఇది కొట్లాట కాదండి అయ్యగారూ, కొట్లాటకు ముందు మాటలండి. అసలు కొట్లాట కంటే ఇదే బాగుంటుందండి" అనెను.

ఆ పిల్లవాడు మంచివాడు. తల్లిమాట జవదాటనివాడు. పెద్దల యెదుట గొంతెత్తి మాటలాడనివాడు. అట్టివాడు, ఒకడు మరియొకని తండ్రిని తిట్టుచుండగా విని ఆనందించుట నన్ను ఆలోచనలో పడవేసినది. పిల్లలను మందలించి ఫోను కట్టివేయించుట సులభమే. కాని వాడు అన్న మాటలో ఒక ప్రశ్న యున్నది. ఆ ప్రశ్నను మీతో కలిసి విచారింపగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఆ పోరు సంగతి చెప్పుదును. దానిని మిక్సుడ్ మార్షల్ ఆర్ట్స్ అందురు. బాక్సింగు, కుస్తీ, జూడో మొదలైన విద్యలన్నియు కలిసిన పోరు అది. ఎనిమిది పలకల కంచె లోపల ఇద్దరు దిగుదురు. దీనిని నడిపించు సంస్థలలో పెద్దదైన యూ.ఎఫ్.సి. 1993లో అమెరికాలోని డెన్వరు పట్టణమున తన మొదటి పోటీ జరిపెను. ఆ దినములలో నియమములు బహు కొద్ది. పిమ్మట నియమములు పెరిగెను. ఇప్పుడు బరువునుబట్టి తరగతులు కలవు. ఒక్కొక్క విడత ఐదు నిమిషములు; బిరుదు పోటీ ఐదు విడతలు. కన్ను పొడువరాదు, తల వెనుకభాగమున కొట్టరాదు, మర్మస్థానమున తన్నరాదు. నడుమ రిఫరీ నిలిచి యుండును. ఇక తాళలేనని యొకడు చేతితో తట్టినయెడల, ఆ క్షణముననే పోరు నిలిచిపోవును.

మరి మాటలెందుకు? ఇందులో ఒక కిటుకు కలదు. ఎవనికి బిరుదు పోటీ దొరకవలెనో నిర్ణయించునది సంస్థయే. గెలుపుల లెక్క ఒకటి యున్నను, జనులు ఏ జతను చూచుటకు రుసుము చెల్లింతురో ఆ జతనే కూర్చుటకు సంస్థ మొగ్గును. అమెరికాలో 2025 వరకు ఇండ్లలో టెలివిజనుముందు కూర్చున్నవారు ఆ రాత్రి పోటీ కొరకు ప్రత్యేకముగా డబ్బు కట్టుచుండిరి. పేరుగల యోధులకు ఆ డబ్బులో వాటా యుండెడిది. కనుక, "వీని పొగరు అణగుట చూడవలె"నని గాని, "వీడు వానిని చితుకగొట్టుట చూడవలె"నని గాని జనులకు పుట్టించినవానికి పోటీయు దొరకును, ధనమును దొరకును. చేతికంటె ముందు నాలుక కూలికి పోవుచున్నది.

మన పిల్లలు చూచినది 2018 సెప్టెంబరు 20న న్యూయార్కు నగరములో జరిగిన పత్రికా సమావేశము. అరచినవాడు ఐర్లండు దేశపు డబ్లిను నగరవాసియగు కానర్ మెక్‌గ్రెగర్. అతని విషయమై న్యాయముగానే మాటలాడుదము. యౌవనమున అతడు కుళాయిపనివాని యొద్ద పని నేర్చుకొన్నవాడు. 2013లో ఈ సంస్థలో అడుగు పెట్టునాటికి, పనిలేనివారికి ప్రభుత్వమిచ్చు సహాయముతో బ్రదుకుచుండెను. 2016 నవంబరులో ఏకకాలమున రెండు తరగతుల బిరుదులు ధరించెను. ఆ సంస్థలో అంతకు ముందు అట్లు చేసినవాడు లేడు. అతనికి చేతిలో బలమును కలదు, నాలుకలో చురుకును కలదు. ఆ రెండును అతనికి అన్నము పెట్టెను.

ఎదుటివాడు ఖబీబ్ నుర్మగొమెదోవ్. రష్యాలోని దాగెస్తాను కొండసీమవాడు, ముసల్మాను. అతనికి ఆ విద్య నేర్పినవాడు అతని తండ్రియే. ఆ యేటి ఏప్రిలులో ఖబీబు తన మనుష్యులతో కలిసి కానర్ మిత్రుని ఒకనిని హోటలులో అడ్డగించెను. కొద్ది దినములకే కానరు గుంపుతో వచ్చి, ఖబీబు ఎక్కియున్న బస్సు కిటికీమీదికి సామానులు మోయు ఇనుప తోపుడుబండిని విసరెను. అద్దము పగిలి, ఆ తగాదాతో సంబంధములేని ఇద్దరు యోధులు గాయపడిరి. ఆ వారము జరుగవలసిన వారి పోటీలు పోయెను. నేరము కోర్టుకెక్కెను. అయితే ఆ దాడి చిత్రమునే రాబోవు పోటీకి ప్రకటనగా ఊరూర చూపిరి! సమావేశమునాడు కానరు ఎదుటివాని తండ్రిని విడువలేదు, వాని జాతిని విడువలేదు. మద్యము ముట్టనివాడని యెరిగియు అతనికి విస్కీ అందించి ఎగతాళి చేసెను. ఆ విస్కీయు అప్పుడు కానరు అమ్ముచుండినదే.

అక్టోబరు 6న లాస్ వేగాసులో పోరు జరిగెను. నాలుగవ విడతలో ఖబీబు అతని మెడను నొక్కి ఓడించెను. అంతకుముందు, మూడవ విడత చివర, ఇది వట్టి వ్యాపారమే అని కానరు ఖబీబుతో అన్నట్లు పత్రికలు వ్రాసెను. వ్యాపారమే! ఒకనికి అది వ్యాపారము. రెండవవానికి అది తన తండ్రి, తన విశ్వాసము, తన నేల. గెలిచిన ఖబీబు గెలుపుతో తృప్తిపడలేదు. కంచె దూకి కానర్ మనుష్యునిమీద పడెను. ఖబీబు మనుష్యులు కంచెలోనికి దూకి కానరును కొట్టిరి. పిమ్మట ఖబీబు తన ప్రవర్తనకు అధికారులను క్షమాపణ కోరెను గాని, నా దూకుటను గూర్చియే అడుగుచున్నారేల, నా తండ్రిని దూషించినదానిని గూర్చి అడుగరేల అని పత్రికలవారిని ప్రశ్నించెను. నెవాడా అధికారులు అతనికి 5 లక్షల డాలర్లు, కానరుకు 50 వేల డాలర్లు జరిమానా విధించి, ఇద్దరిని కొంతకాలము పోటీలనుండి తొలగించిరి. ఆ రాత్రి సుమారు 24 లక్షల కొనుగోళ్లు జరిగినవని ప్రకటించిరి. ఆ సంస్థ చరిత్రలో అంత అమ్మకము అంతకు ముందు లేదు.

చదువరీ, ఇదిగో ప్రశ్న. బ్రదుకుతెరువు కొరకు, మనస్సులో ద్వేషము లేకుండ, ఆటలో భాగముగా పలికిన దూషణ దూషణ యగునా, కాదా?

కాదను వారి మాట ముందు విందము. "ఇది నాటకము వంటిది" అని వారందురు. మన క్రిస్మసు నాటకములో ఎవడో ఒకడు హేరోదు వేషము వేయును. పసిపిల్లలను చంపుమని గట్టిగా గద్దించును. ఎంత గట్టిగా గద్దించిన అంత మెచ్చుకొందుము. మరునాడు వానిని నరహంతకుడని ఎవరైన పట్టుకొందురా? లేదు గదా. అట్లే ఈ యోధులును వేషము వేసినవారే అని వాదము. ఈ వాదములో బలమున్నది, కొట్టివేయరాదు.

కాని కొంచెము నిదానించి చూడుడు. మన నాటకములో హేరోదును వేషగాడే, పసిపిల్లల తల్లియు వేషగత్తెయే. తెర పడగానే ఇద్దరును కలిసి పులిహోర తిందురు. ఇక్కడ కానరు వేషము వేసెననుకొందము. ఖబీబు తండ్రి వేషము వేసెనా? అతడు ఏ తెర వెనుకకు పోయి రంగు కడుగుకొనవలెను? ఒక్కడు వేషము వేసి, రెండవవాడు వేయకున్నయెడల అది నాటకము కాదు, గాయము.

ఇంకొక తేడా చూడుడు. గుద్దుకు హద్దులున్నవి. ఎక్కడ కొట్టవచ్చునో, ఎక్కడ కొట్టరాదో వ్రాసియున్నది. చేతులకు తొడుగులున్నవి. నడుమ రిఫరీ కలడు. తట్టినయెడల ఆగును. అన్నిటికంటె ముఖ్యముగా, గుద్దు తగులువాడు దానికి ఒప్పుకొని లోపలికి వచ్చినవాడు. మాటకు ఇవి యేవియు లేవు. మాట కంచె దాటును. కంచెలోనికి రానివారికి, రానక్కరలేని వారికి, ఎన్నడును పోటీకి ఒప్పుకొననివారికి అది తగులును. వారు ఎవరిని తట్టి, ఇక చాలునని చెప్పవలెను?

ఇది నేటి సంగతి మాత్రమే కాదు. బాక్సింగులో ముహమ్మదాలీ పేరు వినని వారుండరు. 1961లో అతడు గార్జియస్ జార్జి అను కుస్తీవాని గొప్పలు విని, నోటిమాటతో జనులను రప్పించుట అతనినుండి నేర్చుకొనెను. 1967లో అలీ యుద్ధసేవకు నిరాకరించినందున అతని బిరుదు పోయెను. 1970 వరకు బరిలో దిగనియ్యలేదు. ఆ కష్టకాలమున అతనికి ధనసహాయము చేసి, అతనిని మరల ఆడనియ్యవలెనని పలికినవారిలో జో ఫ్రేజియరు ఒకడు. ఫ్రేజియరు దక్షిణ కరొలినాలో పేద రైతుకూలీ కుటుంబమున పుట్టినవాడు. ఇద్దరును నల్లజాతివారే. ఇద్దరికిని పోటీ కుదిరినప్పుడు, అలీ ఆ మేలు మరచి, ఫ్రేజియరును తెల్లవారి బంటు అని ఎగతాళి చేసెను. 1975లో మనీలా పోటీకి ముందు గొరిల్లా అని పిలిచి, రబ్బరు గొరిల్లా బొమ్మను పట్టుకొని కెమేరాల ముందు గుద్ది నవ్వించెను. జనులు నవ్విరి. ఫ్రేజియరు పిల్లలు ఆ మాటలను బడిలో వినవలసి వచ్చినది.

వారిద్దరు మూడుమార్లు పోరాడిరి. 1971లో ఫ్రేజియరు గెలిచెను. 1974లోను 1975లోను అలీ గెలిచెను. మనీలాలో పదునాలుగు విడతలు ఒకరినొకరు చావుదెబ్బలు కొట్టుకొనిరి. ఆ దెబ్బల వాపులు కొన్నాళ్లకు తగ్గెను. మాటల వాపు తగ్గలేదు. 1996లో అలీ వణకు జబ్బుతో నిలువలేక నిలిచి అట్లాంటాలో ఒలింపిక్ జ్యోతి వెలిగించుచుండగా లోకమంతయు కన్నీరు కార్చెను. ఫ్రేజియరు మాత్రము, అతనిని ఆ మంటలోనికి త్రోయవలెనని నాకనిపించినదని అనెను. ఇరువది యొక్క సంవత్సరములైనను! అతడు క్రూరుడని నేననను. ఆ మాట ఎంత లోతున దిగెనో చూడుడని మాత్రమే అనుచున్నాను.

2001లో అలీ పత్రికాముఖమున క్షమాపణ చెప్పెను. అదంతయు పోటీని అమ్ముటకే అన్నాననెను. ఫ్రేజియరు మొదట అంగీకరించెను గాని, నాతో చెప్పవలసినది పత్రికతో చెప్పెనే అని నొచ్చుకొనెను. 2011 నవంబరులో ఫ్రేజియరు మరణించెను. రోగియైన అలీ ఆ సమాధి కూడికకు వచ్చెను. వచ్చుట మంచిదే. కాని పెట్టెలోనున్న మనుష్యుడు వినడు గదా.

"బ్రదుకుతెరువు" అను మాటకు వత్తము. పేదవాడు నాలుకతో అన్నము సంపాదించుకొనుట తప్పా అని అడుగుదురు. సంపాదన తప్పు కాదు. అయితే పాలలో నీళ్లు కలుపువాడును బ్రదుకుతెరువే అనును. తూకపు రాయి తరిగించువాడును అదే చెప్పును. ఒకడు సంపాదించెనా లేదా అనునది ప్రశ్న కాదు. ఆ సంపాదనకు వెల ఎవరు చెల్లించిరి అనునదే ప్రశ్న. తన దేహమును దెబ్బలకు ఒప్పగించి సంపాదించినవాడు తన సొమ్మే ఖర్చుపెట్టెను. ఎదుటివాని తండ్రి గౌరవమును అంగడిలో పెట్టి సంపాదించినవాడు పరుల సొమ్ము ఖర్చుపెట్టెను.

"మనస్సులో ద్వేషము లేదు" అను మాట మిగిలినది. ఇదియే మిక్కిలి మోసకరమైనది. రోజును వేసికొను వేషము కొన్నాళ్లకు చర్మమునకు అంటుకొనును. 2020 జూలైలో ఖబీబు తండ్రి కరోనా రోగము మూలముగా చనిపోయినప్పుడు కానరు బహిరంగముగా సంతాపము తెలిపెను. అది మంచి పని. మరుసటి జూలైలో, కాలు విరిగి మరియొక పోటీలో ఓడిన దినములలో, ఖబీబు అన్న ఒక మాటకు కోపించి, ఆ చనిపోయిన తండ్రినే, ఆ రోగమునే యెత్తి ఒక వాక్యము వ్రాసి లోకమునకు పంపెను, తరువాత తీసివేసెను. అప్పుడు అమ్మవలసిన పోటీ యేది? ఖబీబు 2020 అక్టోబరుననే, తండ్రి లేకుండ పోరాడనని తల్లికి మాట యిచ్చి, బరినుండి తొలగెను గదా. వ్యాపారము మూసిన తరువాతను నాలుక అంగడి తెరచియే యున్నది. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేము అని మన పెద్దలు ఊరకే అనలేదు.

మీలో వాక్యము చదువువారు నన్ను ఒక మాట అడుగుదురు. గొల్యాతు నలుబది దినములు ఉదయ సాయంకాలములు వచ్చి సవాలు విసరెను, సరే. దావీదును ఊరకుండలేదు గదా, అతడును గట్టిగా బదులు పలికెను గదా? నిజమే. కాని ఆ బదులును తిరిగి చదువుడు. గొల్యాతు దావీదు పసితనమును, అతని చేతికఱ్ఱను హేళన చేసి, తన దేవతల పేరట శపించెను. దావీదు తాను ఎవని నామమున వచ్చెనో చెప్పెను. ఏమి జరుగబోవునో చెప్పెను. గొల్యాతు తల్లిదండ్రుల జోలికి పోలేదు. ఎదిరించుట వేరు, అవమానించుట వేరు. మన ప్రభువైతే తన్ను హేళన చేసినవారికి ఆ బదులైన ఇయ్యలేదు.

ఇంతవరకు దూరదేశపు వారిని గూర్చి వ్రాసితిని. ఇప్పుడు నన్ను గూర్చి వ్రాయవలెను. లేనియెడల ఈ కాగితము నన్నే నిందించును.

ఇరువది రెండేండ్ల క్రిందట నేను మొదట పనిచేసిన గ్రామములో, క్రిస్మసు దినములలో రెండు సంఘముల యౌవనస్థులకు వాలీబాలు పోటీ పెట్టితిమి. చివరి ఆటకు ముందు మైకు నా చేతిలో నున్నది. జనులను నవ్వింపవలెనని, ఎదుటి జట్టు నాయకుని చూపి, "వీళ్ల నాయన కల్లుపాకలో పడుకున్నట్టు, వీడు ఇవాళ నెట్టు కింద పడుకుంటాడు చూడండి" అంటిని. అందరును విరగబడి నవ్విరి. ఆ యువకుడును నవ్వెను. ఆటలో వాడే గెలిచెను. నాకు చేయి కలిపి వెళ్లెను. ఆ సంగతి అంతటితో ముగిసెననుకొంటిని.

అలీ, ఫ్రేజియరుల సంగతి చదివిన నాటినుండి ఆ మాట నాకు నిద్రపట్టనియ్యలేదు. పోయిన శీతకాలమున బస్సెక్కి ఆ ఊరికి వెళ్లితిని. ఇప్పుడు అతడు ఇద్దరు బిడ్డల తండ్రి. పొలముగట్టున కనబడగా, వచ్చిన పని చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నేను అప్పుడే మరిచిపోయానండి అయ్యగారూ. మా అమ్మే మరిచిపోలేదు. ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది. చెంగు నెత్తిమీదకి లాక్కుని లేచి ఇంటికెళ్లిపోయింది. మా నాన్న తాగుడు మానడానికి ఆవిడ ఎంత ఏడ్చిందో మీకు తెలీదు. మళ్లీ గుడి గడప తొక్కలేదండి" అనెను. ఆమె ఉన్నదా అని అడిగితిని. "పోయి మూడేళ్లయిందండి" అనెను.

అతడు నన్ను క్షమించెను; ఇంటికి తీసికొనిపోయి అన్నము పెట్టెను. కాని నేను క్షమాపణ అడుగవలసినది అతనిని కాదు. నేను బరిలోనున్నవానితో ఆడితిననుకొంటిని. నా మాట బరిలో లేని ఒక స్త్రీకి తగిలెను. ఆమె ఎవరిని తట్టి చాలుననగలదు? మైకు నా చేతిలోనే యుండెను. ద్వేషము నా మనస్సులో గోరంతయు లేదు. అది ఆమెకు ఏమి ఊరట?

కాబట్టి, ప్రియ చదువరీ, ఆ అరుగుమీది పిల్లలకు నేను చెప్పినదే మీకును చెప్పుదును. ఆట చూడవద్దని నేననలేదు. ఆ మాటలు వినునప్పుడు ఒక్కటి అడుగుకొనుడంటిని: ఈ మాట కంచె దాటి ఎవరికి తగులుచున్నది? వినువాడు లేనిదే అరచువాడు లేడు; మన నవ్వే వాని కూలి. రేపు మీ ఊర కబడ్డీ జరుగును, పంచాయితీ ఎన్నికలు వచ్చును, సంఘపెద్దల ఎన్నికయు వచ్చును. గెలువవలెనని కోరుడు, గట్టిగా ఆడుడు, ఎదుటివాని పనిలో తప్పున్న ధైర్యముగా చెప్పుడు. వాని ఇంటిని, తల్లిదండ్రులను, కులమును, విశ్వాసమును మాత్రము బరిలోనికి ఈడ్వకుడు. వారు పోటీకి ఒప్పుకొనలేదు.

ఇదివరకే అట్టి మాట అనియుంటిరా? పెద్దల ద్వారా కబురంపకుడు, పండుగ రానిమ్మని ఆగకుడు. వారున్న చోటికి మీరే వెళ్లుడు. ముందుగా, ఆ మాట ఎవరికి తగిలెనో కనుగొనుడు. అది మీరు గురిపెట్టినవానికి కాక, వెనుక కూర్చున్న మరియొకరికి తగిలియుండవచ్చును. వారు బ్రదికియుండగనే వెళ్లుడు. నాకు బస్సు దొరికినది గాని, ఆమె దొరకలేదు.

దేవుడు మన నోటిని మనకంటె ముందుగా ఎరిగి కాపాడును గాక.